హుండీ తాళం ఎవరి చేతిలో ఉండాలి?

దేవాదాయ శాఖ కమిషనర్ కార్యాలయం అబిడ్స్ పక్కన బొగ్గులకుంటలో ఉంది. వక్ఫ్ బోర్డు నాంపల్లి హజ్ హౌస్‌లో ఉంది. ఆటో ఎక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి పెద్ద దూరమేం కాదు. రాష్ట్రంలోని వేల గుళ్ల జమాఖర్చులు మొదటిచోట, వేల మసీదులు, దర్గాలు, ఖబరస్తాన్ల భూముల రికార్డులు రెండోచోట ఉంటాయి. మతం నుంచి ప్రభుత్వం దూరంగా ఉంటే ప్రజాస్వామ్యానికి మేలేనా అనే మాట మన ఊళ్లో వచ్చినప్పుడల్లా చర్చ లాల్‌దర్వాజా బోనాలకు మంత్రులు పట్టువస్త్రాలు తీసుకెళ్లడం దగ్గర మొదలై, ఎల్బీ స్టేడియంలో ఇఫ్తార్ దగ్గర ఆగిపోతుంది. నా దృష్టిలో అవి చిన్న విషయాలు. నాయకుడు గుడికి పోయినా, దర్గాలో చాదర్ పెట్టినా ప్రజాస్వామ్యం చెడిపోదు. గుడి పాలకమండలిలో ఎవరు కూర్చోవాలో, వక్ఫ్ భూమి సర్వే నంబరు ఏ జాబితాలో ఉండాలో ఎన్నికల్లో గెలిచిన పార్టీ తేల్చడం మొదలుపెట్టినప్పుడు చెడిపోతుంది.

మన రాజ్యాంగంలో మతానికీ ప్రభుత్వానికీ మధ్య అమెరికా తరహా గోడ లేదు. ఆ రెండింటినీ విడదీసిన 1905 నాటి ఫ్రాన్స్ చట్టం లాంటిదీ లేదు. ఉన్నవి నాలుగు అధికరణాలు. 25 ప్రకారం ఎవరి విశ్వాసం వాళ్లది. అయితే మతాచారంతో ముడిపడ్డ ఆర్థిక, రాజకీయ, లౌకిక వ్యవహారాలను ప్రభుత్వం నియంత్రించవచ్చని 25(2)(ఎ) చెబుతుంది. హిందూ ఆలయాలను అన్ని కులాలకూ తెరిపించే అధికారం 25(2)(బి) ఇస్తుంది. మతశాఖలు తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు 26లో ఉంది. ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకంగా పన్ను వేయకూడదని 27, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28 చెబుతాయి. అంటే పూజ ఎలా చేయాలో సర్కారు చెప్పకూడదు, పూజకు వచ్చిన డబ్బు ఎటు పోయిందో మాత్రం అడగవచ్చు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది. నియంత్రణకు ఒప్పుకుంది గానీ, పాలన హక్కును మతశాఖ చేతిలోంచి పూర్తిగా లాక్కుని వేరొకరికి అప్పజెబితే అది 26(డి)కి విరుద్ధమని తేల్చింది.

ఈ గీత ఎందుకు చెరిగిపోతోందో తెలియాలంటే మన దేవాదాయ శాఖ ఎలా పుట్టిందో చూడాలి. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానానికి ఉమూర్-ఎ-మజ్‌హబీ అనే శాఖ ఉండేది. మసీదులూ గుళ్లూ అన్నింటి ధర్మాదాయాల మీదా దానిదే అజమాయిషీ. నిజాం సర్కారు వాడిన ఫసలీ లెక్కలో 1349లో, అంటే 1940 ప్రాంతంలో, హైదరాబాద్ ఎండోమెంట్స్ రెగ్యులేషన్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966 చట్టం వాటి స్థానంలోకి వచ్చింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత 1987లో 30వ నంబరు చట్టం వచ్చింది. వంశపారంపర్య ధర్మకర్తల హక్కులు, అర్చకుల వారసత్వ హక్కులు రద్దయింది దాంతోనే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తీసుకుంది.

గమనించాల్సిందేమిటంటే, ధర్మాదాయాలకు సంరక్షకుడిగా ఉండటం రాజు చేసే పని. రాజుకు ఐదేళ్లకోసారి ఓట్లు అడిగే అవసరం లేదు. గుడికి ధర్మకర్తను వేస్తే ఆ మనిషి వల్ల రాజుకు ఓట్లు రావు, పోవు. అదే అధికారాన్ని పేరు మార్చి ఎన్నికైన మంత్రి చేతిలో పెట్టాం. ఆ రోజు నుంచి ప్రతి ధర్మకర్త పదవీ ఒక నామినేటెడ్ పోస్టు అయింది. టికెట్ దక్కనివాళ్లను చల్లబరచడానికి కార్పొరేషన్ చైర్మన్ పదవులు ఎలా వాడతారో, ఆలయ కమిటీలనూ అలాగే వాడటం ఇక్కడ ఏ పార్టీకీ కొత్త కాదు. ప్రభుత్వం మారితే పాత పాలకమండలి పోయి కొత్తది వస్తుంది. దేవుడు మారలేదు, భక్తులు మారలేదు, పూజావిధానం చెప్పే ఆగమం మారలేదు. అసెంబ్లీలో మెజారిటీ మారింది, అంతే.

భద్రాచలం సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న వసూలైన శిస్తు సొమ్మును గుడికి ఖర్చుపెట్టాడని తానీషా గోల్కొండలో బంధించాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆయన భక్తికి వెల కట్టలేం. కానీ ఖజానా సొమ్ము ఖజానాదే, గుడి సొమ్ము గుడిదే అన్న పరిపాలనా సూత్రం ఆ కథలోనే ఉంది. బాకీ తీరాకే విడుదల జరిగిందని కథ కూడా చెబుతుంది. ఆ తర్వాత గోల్కొండ నుంచి ఏటా ముత్యాల తలంబ్రాలు వెళ్లడం ఒక గౌరవం. ఇవాళ్టికీ ప్రభుత్వం తరఫున వాటిని తీసుకెళ్తున్నారు, వెళ్లనివ్వండి. నన్ను కలవరపెట్టేది రెండు ఖాతాలు కలిసిపోవడం.

హుండీ లెక్కింపు తీసుకోండి. మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. హుండీకి రెండు తాళాలు, మీద గుడ్డ చుట్టి లక్క సీలు. ఒక తాళంచెవి ఈవో (గుడి కార్యనిర్వహణాధికారి) దగ్గర, రెండోది పాలకమండలి దగ్గర. తెరిచే రోజున దేవాదాయ శాఖ నుంచి వచ్చిన అధికారి ముందు సీళ్లు చూసి, చెక్కుచెదరలేదని పంచనామాలో రాయిస్తారు. ఆ తర్వాతే తాళాలు తీస్తారు. సొమ్మును బట్ట మీద కుమ్మరించి సేవా సమితి వాళ్లు నోట్ల విలువను బట్టి విడదీస్తారు, బ్యాంకు సిబ్బంది మెషిన్ల మీద లెక్కపెడతారు. చిల్లర, విదేశీ నోట్లు, బంగారం, వెండి వేరువేరుగా. బంగారం తూకం గ్రాములు, మిల్లీగ్రాములతో సహా రాయాలి. నగదు అదే రోజు గుడి ఖాతాలో జమ కావాలి.

పొరపాట్లు జరిగేది ఎక్కడో ఈ పని చూసినవాళ్లందరికీ తెలుసు. లెక్కింపుకూ లెక్కింపుకూ మధ్య విరామం మరీ పెరిగితే హుండీ నిండి, తాత్కాలిక హుండీలు పెడతారు. వాటికి నంబర్లు వేయడం, సీలు వేయడం మర్చిపోతారు. మిశ్రమ బంగారం అని ఒకే మూట కట్టేసి, ఒక్కో వస్తువు వివరం రాయరు. తర్వాత మూటలో ఏది మారినా పట్టుకోలేం. పళ్లెంలో వేసిన డబ్బుకూ, నేరుగా చేతికిచ్చిన విరాళానికీ రసీదు ఉండదు. అన్నింటికంటే పెద్ద లోపం ఇది: రెండు తాళాలూ వేర్వేరు చేతుల్లో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, ఈవోను వేసేదీ ప్రభుత్వమే, పాలకమండలిని వేసేదీ ప్రభుత్వమే. ఆడిటర్లూ ప్రభుత్వ వ్యవస్థలోని వాళ్లే. రెండు తాళాల నియమం పెట్టిందే ఒకరి మీద ఒకరికి నిఘా ఉండాలని. ఇద్దరూ ఒకే చోట నుంచి వచ్చినప్పుడు ఆ నిఘా ఎక్కడుంటుంది? మతం, ప్రభుత్వం విడిగా ఉండాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

పెద్ద గుళ్ల ఆదాయంలోంచి శాఖకు కొంత కట్టాలి. దాన్లో పరిపాలన నిధి వాటా, కామన్ గుడ్ ఫండ్ వాటా, అర్చకుల సంక్షేమ నిధి వాటా, ఆడిట్ రుసుము ఉంటాయి. అన్నీ చెడ్డవని నేను అనను. కామన్ గుడ్ ఫండ్ మంచి ఆలోచన. యాదగిరిగుట్టకో వేములవాడకో వచ్చే రాబడిలో కొంత, దీపం పెట్టే దిక్కులేని పల్లె గుడికి పోవడం భక్తులు సంతోషించాల్సిన విషయం. ఆ డబ్బు ఏ గుడికి పోవాలో ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం మీద తేలడమే చిక్కు.

ధూపదీప నైవేద్య పథకంలోనూ ఇదే పేచీ. ఆదాయం లేని గుళ్లకు నెలకు ఇచ్చే మొత్తాన్ని 2023లో 6,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇమాములకు, అజాన్ ఇచ్చే మౌజన్లకు వక్ఫ్ బోర్డు ద్వారా నెలకు 5,000 గౌరవ వేతనం ఉంది. 1993లో సుప్రీంకోర్టు ఇమాముల జీతాల బాధ్యతను వక్ఫ్ బోర్డుల మీద పెట్టింది, ఖజానా మీద కాదు. ఆ తేడా ముఖ్యం. అర్చకుడికీ ఇమాముకీ గౌరవంగా బతికే వేతనం రావాలి, అందులో రెండో మాట లేదు. అది గుళ్ల ఉమ్మడి నిధి నుంచో వక్ఫ్ ఆదాయం నుంచో వస్తే ఎన్నికల ముందు పెంచి ఓట్లడిగే వీలుండదు. ఖజానా నుంచి వస్తే ప్రతి ఎన్నికకూ పాట పెరుగుతుంది. ఒక మతానికి ఇచ్చినందుకు రెండోదానికి, రెండోదానికి ఇచ్చినందుకు మొదటిదానికి. కోర్టుకు వెళ్లినా ఆగదు. హజ్ సబ్సిడీ మీద 2011లో ప్రఫుల్ గొరాడియా కేసులో సుప్రీంకోర్టు, వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి ఖర్చయితేనే 27వ అధికరణం దెబ్బతిన్నట్టని చెప్పింది. ఆ సబ్సిడీ 2018లో ఆగిపోయింది గానీ సూత్రం అలాగే ఉంది. బడ్జెట్‌లో చిన్న పద్దులన్నీ ఆ జల్లెడలోంచి జారిపోతాయి.

ఇక భూములు. హైదరాబాద్‌లో ప్లాటు కొనేవాళ్లకు 22-ఎ అనే మాట తెలియకుండా ఉండదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్‌లో క్లాజు (1)(సి) కింద దేవాదాయ, వక్ఫ్ భూములు నిషేధిత జాబితాలోకి వస్తాయి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు రిజిస్టర్ చేయడు. గుడి భూమి అమ్మాలంటే 1987 చట్టం సెక్షన్ 80 ప్రకారం ముందస్తు అనుమతి ఉండాలి, బహిరంగ వేలం జరగాలి. అనుమతి లేకుండా జరిగిన అమ్మకం చెల్లదు. ఆక్రమణ మీద ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. కాగితం మీద రక్షణ గట్టిదే. వాస్తవంలో రెండు చోట్ల తెగిపోతుంది. ఒకటి, జాబితాలో సర్వే నంబరు మొత్తం పడుతుంది, ఉపవిభజన పడదు. నాలుగెకరాల్లో అరెకరమే గుడిదైనా మిగతా పట్టాదారులందరూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అలా తిరిగేవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ జాబితా మీద ఒత్తిడి పెరిగి, నిజమైన గుడి భూమి కూడా వాళ్లతోపాటు బయటికి జారిపోతుంది. రెండు, తీసేయాలా ఉంచాలా అన్నది తేల్చేదీ ప్రభుత్వమే, పక్కనే రోడ్డుకో లేఅవుట్‌కో భూమి కావాల్సిందీ ప్రభుత్వానికే.

మణికొండ కేసు దీనికి అద్దం. దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీకి చెందినవంటూ 1,654 ఎకరాల 32 గుంటలను వక్ఫ్ బోర్డు 2006 నోటిఫికేషన్‌లో చూపింది. అప్పటికే ఆ ప్రాంతాన్ని ప్రభుత్వం ఐటీ కంపెనీలకూ ఇతర ప్రాజెక్టులకూ కేటాయిస్తూ వచ్చింది. హైకోర్టులో ప్రభుత్వం ఓడిపోయింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి భూమి రాష్ట్రానిదేనని తేల్చింది. తీర్పులో ఎవరిది న్యాయమన్న చర్చ పక్కన పెట్టి, కక్షిదారులను చూడండి. ఒకవైపు రాష్ట్ర ప్రభుత్వం, రెండోవైపు అదే ప్రభుత్వం ఏర్పాటు చేసే చట్టబద్ధ బోర్డు. ఆ భూమి మీద విశ్వాసం ఉన్న మామూలు ముస్లిం తరఫున మాట్లాడాల్సిన సంస్థ, దాన్ని అమ్ముకోవాలనుకునే ప్రభుత్వం నీడలోనే బతకాలి. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆ నీడను ఇంకా చిక్కన చేసింది. వక్ఫ్ భూమా, ప్రభుత్వ భూమా అన్న వివాదాన్ని ప్రభుత్వ అధికారే విచారించే ఏర్పాటు అందులో పెట్టారు. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల్లో ఆ భాగాన్ని నిలిపివేసింది. తన భూమి తగాదాలో తానే తీర్పరి కాకూడదన్న నియమం మతాలకు అతీతమైంది. అది గుడి భూమికీ వర్తించాలి.

అలాగని ప్రభుత్వం పూర్తిగా తప్పుకోవాలా? దాంతో నేను ఏకీభవించను. వంశపారంపర్య ధర్మకర్తల కాలంలో గుడి భూములు చుట్టాల పేర్ల మీదికి పోయిన ఉదంతాలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. దళితులకు గుడి తలుపులు తెరిపించింది చట్టం. మూసిన తలుపులు వాటంతట అవి తెరుచుకోలేదు. 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో సుప్రీంకోర్టు 1987 చట్టాన్ని చాలావరకు సమర్థించింది. స్థాపకుల కుటుంబ సభ్యుణ్ని మండలి చైర్మన్‌గా ఉంచాలని మాత్రం చెప్పింది. అన్ని మతాలకూ ఒకే చట్టం మంచిదే అయినా ఒక్కసారే తేవాల్సిన పని లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. ముప్పై ఏళ్లవుతోంది. హిందూ ఆలయాలకు ఒక కొలత, మిగతా వాటికి ఇంకో కొలత ఎన్నాళ్లని అడిగేవాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి జవాబు అందరి మెడకూ ఒకే పలుపు తగిలించడం కాదు, అందరికీ ఒకే ఆడిట్, ఒకే పారదర్శకత.

తర్వాతి తీర్పులు ఆ దిశగానే నడుస్తున్నాయి. 2014లో చిదంబరం నటరాజ ఆలయం కేసులో, అవకతవకలుంటే ప్రభుత్వం చేతిలోకి తీసుకోవచ్చు గానీ, చక్కబెట్టాక తిరిగి అప్పగించాలని, శాశ్వతంగా కూర్చోకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అహోబిల మఠం ఆలయానికి ప్రభుత్వం ఈవోను వేయడాన్ని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తప్పుబట్టింది. ఆ మీద 2023 జనవరిలో ప్రభుత్వ అప్పీలు సుప్రీంకోర్టులో నిలవలేదు. మన పక్కనున్న చిలుకూరులో హుండీయే లేదు, ప్రత్యేక దర్శనం టికెట్ లేదు. అయినా జనం వెళ్తూనే ఉన్నారు.

మరి మండలిని ఎవరు ఎన్నుకోవాలి? భక్తులే. 1925 సిక్కు గురుద్వారాల చట్టం దాన్ని చేసి చూపింది. నమోదైన సిక్కు ఓటర్లు ఓటు వేసి కమిటీని ఎన్నుకుంటారు. అందులోనూ దెబ్బతినే చోటుంది. ఆ ఎన్నికలు జరిపించాల్సింది ప్రభుత్వమే కాబట్టి వాయిదాలు పడతాయి. 2011 తర్వాత చాలా ఏళ్లు జరగలేదు. ఇక్కడ అలాంటిది పెడితే ఎన్నికల గడువు చట్టంలోనే ఉండాలి, గడువు దాటితే మండలి దానంతటదే రద్దయ్యేలా ఉండాలి, నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉండాలి. పార్టీ పదవిలో ఉన్నవాళ్లు, గత ఐదేళ్లలో చట్టసభకు పోటీచేసినవాళ్లు అనర్హులు కావాలి. గుడికైనా వక్ఫ్‌కైనా ఇవే షరతులు.

ఓట్ల దగ్గర చట్టం ఇప్పటికే గట్టిగా ఉంది, వాడేవాళ్లే తక్కువ. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) మతం పేరుతో ఓటడగడాన్ని అక్రమ పద్ధతిగా చెబుతుంది. 2017 జనవరి 2న అభిరాం సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల్లో నలుగురు, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనన్నారు. ముగ్గురు విభేదించారు. శతాబ్దాల వివక్షను ఎన్నికల్లో మాట్లాడుకునే దారి మూసుకుపోతుందన్న వాళ్ల భయంలో బలం ఉంది. ఫలితం మీద హైకోర్టుకు వెళ్లాలంటే 45 రోజుల్లో పిటిషన్ వేయాలి. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం గుడి, మసీదు, చర్చి ఆవరణను రాజకీయానికి వాడనిస్తే ఐదేళ్ల దాకా జైలు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు సీ-విజిల్ యాప్‌లో ఫొటో తీసి పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది ఎన్నికల సంఘం లెక్క. ఫొటో అక్కడికక్కడే యాప్‌లోనే తీయాలి, గ్యాలరీలోంచి పంపితే తీసుకోదు. చాలా ఫిర్యాదులు అక్కడే వీగిపోతాయి.

మీ వీధి గుడి సంగతి తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద రాసి పది రూపాయల రుసుముతో దేవాదాయ శాఖకు పంపండి. గుడి ఏ కేటగిరీలో ఉంది, గత మూడేళ్ల హుండీ లెక్కింపు పంచనామాల నకళ్లు, అదే కాలపు ఆడిట్ అభ్యంతరాలు, వాటికి ఈవో ఇచ్చిన జవాబులు, ఆస్తుల రిజిస్టరులో ఉన్న సర్వే నంబర్లు, లీజుదారుల పేర్లు, కడుతున్న అద్దె, ప్రస్తుత మండలిని నియమించిన జీవో నకలు. ఒక్కో అంశానికి ఒక్కో నంబరు వేయండి, ఎందుకు అన్న ప్రశ్నలు వేయకండి. రికార్డు అడిగితేనే ఇవ్వాలి, అభిప్రాయం చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ ఫలించకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. మీ మసీదు, దర్గా భూముల గురించి ఇవే ప్రశ్నలు వక్ఫ్ బోర్డుకు రాయవచ్చు. ముతవల్లి (వక్ఫ్ ఆస్తి నిర్వాహకుడు) ఏటా ఇచ్చిన లెక్కల నకలు కూడా అడగండి.